నామినీ చేతిలోని సొమ్ము ఎవరిది?

ఇంటి పెద్ద మరణించినప్పుడు ఆయన విడిచివెళ్ళిన ఇల్లు, పొలం, దుకాణం పంచుకోవడానికి ఏళ్ళు పట్టవచ్చు. బీమా సొమ్ము అలా కాదు. మరణ ధ్రువపత్రం, పాలసీ బాండు, నామినీ గుర్తింపు పత్రాలు సమర్పిస్తే, ఒక్కోసారి వితంతువు ఇద్దత్ గడువు తీరకముందే ఆ మొత్తం బ్యాంకులో జమ అవుతుంది. అయితే దరఖాస్తులో నామినీ అన్న గడిలో ఎవరి పేరు ఉందో వారి ఖాతాలోనే జమ అవుతుంది. అంతవరకు దుఃఖంలో ఒక్కటిగా కూర్చున్న కుటుంబం ఆ రోజు నుంచి రెండుగా చీలిన సందర్భాలు మన సమాజంలో తక్కువేమీ కావు. "ఆయన నా పేరే రాశారు, కనుక ఇది నాదే" అని ఒకరంటారు. "కొడుకు సొమ్ములో కన్నతల్లికి హక్కు లేదా?" అని మరొకరు అడుగుతారు.

ఈ ప్రశ్నకు షరీఅత్ ఇచ్చే సమాధానం పధ్నాలుగు శతాబ్దాలుగా మారలేదు. దేశ చట్టం ఇచ్చే సమాధానం మాత్రం గత నలభై ఏళ్ళలో ఒక మలుపు తిరిగింది. ఆ మలుపు దగ్గర న్యాయస్థానాలన్నీ ఒకే మాట మీద లేవు. చట్టంలోని ఈ సందిగ్ధత మన ఇళ్ళలో తల్లుల వాటాకు, కుమార్తెల వాటాకు ఎసరు పెట్టే ప్రమాదం ఉంది గనుక ఈ నెల ఈ విషయాన్ని వివరంగా పరిశీలించదలిచాము.

బీమా లేని ఇల్లు అరుదు

"మా ఇంట్లో బీమా లేదు, అది ధర్మసమ్మతం కాదు కదా" అనే సోదరులున్నారు. వారి జాగ్రత్తను మేము గౌరవిస్తాము. వడ్డీ, అనిశ్చితి, జూదం అనే మూడు దోషాల దృష్ట్యా వాణిజ్య బీమాను అత్యధిక ధర్మపండితులు అభ్యంతరకరంగా భావించారు. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ, స్థిరమైన ప్రీమియం తీసుకొని నడిపే వాణిజ్య బీమా ధర్మసమ్మతం కాదనీ, విరాళం, పరస్పర సహకారం పునాదిగా సాగే సహకార బీమా ధర్మసమ్మతమనీ తీర్మానించింది. ఈ రెండో పద్ధతికే తకాఫుల్ అని పేరు. మలేషియా 1984లోనే దానికొక ప్రత్యేక చట్టం చేసింది. మన దేశంలో అటువంటి చట్టం ఇప్పటివరకు లేదు.

అయితే మనం వద్దనుకున్నా బీమా మన గడపలోకి ఏదో ఒక దారిన వస్తూనే ఉంది. వాహనం రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ బీమా మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. ఉద్యోగులకు యజమానులు గ్రూపు బీమా కల్పిస్తున్నారు. తెలంగాణలో 2018 నుంచి అమలులో ఉన్న రైతు బీమా పథకంలో 18 నుంచి 59 ఏళ్ళ లోపు రైతు మరణిస్తే 5 లక్షల రూపాయలు నామినీకి అందుతాయి. దాని ప్రీమియం ప్రభుత్వమే చెల్లిస్తుంది. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కింద బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా కింద 20 రూపాయలు వాటంతట అవే తగ్గిపోతుంటాయి. ఏనాడో పెట్టిన సంతకం మరచిపోయి, పాసుపుస్తకంలో ఆ పద్దు చూసి ఇదేమిటని అడిగే వారు ఎందరో.

కాబట్టి బీమా చేయవచ్చా, లేదా అన్న చర్చను మీరు విశ్వసించే ముఫ్తీ సాహెబు వద్ద ఉంచి, వచ్చిన సొమ్మును ఏం చేయాలన్న ప్రశ్నకు వద్దాము. చెల్లించిన ప్రీమియం మేరకు మాత్రమే వారసులు తీసుకొని, మిగిలింది పుణ్యఫలాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయాలని కొందరు పండితులంటారు. నేటి పరిస్థితుల దృష్ట్యా మరికొందరు సడలింపు ఇస్తారు. ఏ అభిప్రాయాన్ని అనుసరించినా ఒక్కటి మాత్రం మారదు. మృతుడు తన సంపాదన నుంచి కట్టిన సొమ్ము మృతునిదే. అది ఆయన విడిచివెళ్ళిన ఆస్తిలో, అంటే తర్కాలో భాగం. ప్రభుత్వమో యజమానో తమంతట తాము ఇచ్చే కుటుంబ పింఛను వంటి సహాయం వేరు. అది ఎవరిని ఉద్దేశించి ఇచ్చారో వారికే చెందుతుందని పండితులు చెబుతారు. ఈ రెంటినీ కలిపివేయరాదు. రైతు బీమా వంటి పథకాల సొమ్ము ఏ కోవకు చెందుతుందో కూడా అడిగి తెలుసుకోవాలి.

చట్టం తిరిగిన మలుపు

1938 నాటి బీమా చట్టంలో 39వ సెక్షను నామినీ గురించి చెబుతుంది. పాలసీదారు మరణిస్తే సొమ్ము ఎవరి చేతికి ఇవ్వాలో కంపెనీకి తెలియడమే దాని ఉద్దేశం. నామినీకి చెల్లించగానే కంపెనీ బాధ్యత తీరిపోతుంది. ఆ సొమ్ము చివరకు ఎవరికి దక్కాలన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందు తేలింది. ఒక వ్యక్తి తన భార్యను నామినీగా రాసి మరణించాడు. ఆయనకు భార్యతో పాటు తల్లి, కుమారుడు ఉన్నారు. సొమ్మంతా నామినీ అయిన భార్యదేనా, తల్లికీ కుమారునికీ వాటా ఉందా అన్నది వివాదం. నామినీ సొమ్ము స్వీకరించే చెయ్యి మాత్రమే, యజమాని కాదు, వారసత్వ చట్టం ప్రకారం వారసులందరికీ వాటా ఉంటుందని న్యాయస్థానం తీర్పు చెప్పింది. అది ఒక హిందూ కుటుంబపు వ్యాజ్యమే అయినా ఆ సూత్రం అందరికీ వర్తించింది. మన విషయంలో వారసత్వ చట్టమంటే 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టం గుర్తించిన షరీఅత్ నియమాలే.

తరువాత బీమా చట్టాన్ని సమీక్షించిన లా కమిషన్ 2004లో తన 190వ నివేదిక సమర్పించింది. అప్పుడు దాని అధ్యక్షుడు మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. సొమ్ము కేవలం స్వీకరించే నామినీ వేరు, దాన్ని సొంతంగా అనుభవించే నామినీ వేరు అనే తేడాను చట్టంలో స్పష్టం చేయాలని ఆ నివేదిక సూచించింది. 2015లో పార్లమెంటు బీమా చట్టాలను సవరించినప్పుడు 39వ సెక్షనులో కొత్త నిబంధన చేరింది. పాలసీదారు తన తల్లిదండ్రులను, జీవిత భాగస్వామిని, సంతానాన్ని, లేదా వారిలో ఎవరినైనా నామినీగా రాస్తే, వారు ఆ సొమ్ముకు లబ్ధిదారులుగా కూడా హక్కు పొందుతారని దాని సారాంశం. అన్నదమ్ములు, స్నేహితులు నామినీలైతే ఈ నిబంధన వర్తించదు.

ఈ సవరణతో పాత సూత్రం పూర్తిగా తలకిందులైందా? హైకోర్టుల అభిప్రాయాలు ఒక్కటిగా లేవు. 2025 మార్చిలో కర్ణాటక హైకోర్టు ధార్వాడ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ విషయంలో గమనించదగ్గది. ఒక యువకుడు పెళ్ళికి ముందు తల్లిని నామినీగా రాసుకున్నాడు. పెళ్ళయింది, కుమారుడు పుట్టాడు. నామినీ పేరు మాత్రం మార్చలేదు. ఆయన మరణించాక అత్తాకోడళ్ళ మధ్య వివాదం న్యాయస్థానానికి చేరింది. 2015 సవరణ వారసత్వ చట్టాలను తోసిరాజనదనీ, వారసులు ముందుకు వచ్చి తమ వాటా అడిగినప్పుడు నామినీ దాన్ని కాదనలేరనీ చెప్పి, తల్లికి, భార్యకు, కుమారునికి తలా మూడో వంతు ఇవ్వాలని ఆదేశించింది. ఎవరూ అడగకపోతే సొమ్ము నామినీ వద్దే ఉండిపోతుంది.

ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1983 వ్యాజ్యంలో నామినీ భార్య, వాటా అడిగింది తల్లి. 2025 వ్యాజ్యంలో నామినీ తల్లి, వాటా అడిగింది భార్య. నలభై ఏళ్ళ దూరంలో ఉన్న ఈ రెండు వ్యాజ్యాలలోనూ న్యాయస్థానం మెట్లెక్కగలిగిన వారికే వాటా దక్కింది. ఎక్కలేని వారి సంగతేమిటి? మన ఇళ్ళలో పుట్టింటి వారితో తగవెందుకని ఊరుకునే ఆడపడుచులు, కొడుకు పోయిన దుఃఖంలో డబ్బు మాట ఎత్తడమే సిగ్గుగా భావించే తల్లులు ఎందరు! వారు అడగకపోవడం వారి హక్కును రద్దు చేయదు. మానవ న్యాయస్థానంలో అడగని హక్కు మురిగిపోవచ్చు, అల్లాహ్ వద్ద మురిగిపోదు.

నామినీ ఒక అమానతుదారు

షరీఅత్ దృష్టిలో ఒకరి సొమ్ము మరొకరికి చెందడానికి కొన్ని నిర్ణీత మార్గాలే ఉన్నాయి. జీవించి ఉండగా ఇచ్చే దానం హిబా. అది చెల్లాలంటే ఇచ్చిన వస్తువును స్వాధీనం చేయాలి. నామినీగా పేరు రాసినంత మాత్రాన పాలసీదారు బతికుండగా ఏదీ చేతులు మారదు. ఆయన తలచుకుంటే రేపే ఆ పేరు మార్చవచ్చు. కనుక నామినేషన్ హిబా కాదు. మరణానంతరం అమలయ్యేది వసీయత్. మిగతా వారసులు సమ్మతించకుండా ఒక వారసుని పేర చేసిన వసీయత్ చెల్లదు. వారసులు కాని వారికైనా మూడో వంతుకు మించి చెల్లదు. కనుక భార్య పేరో కొడుకు పేరో నామినీగా రాయడం వసీయత్‌గానూ నిలవదు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ పేరు గల వ్యక్తి అమానతుదారు. సొమ్ము చేతికి రాగానే హక్కుదారులకు అప్పగించవలసిన బాధ్యత అతని మెడ మీద పడింది.

పంచే క్రమం మనకు తెలిసిందే. మొదట కఫన్, దఫన్ ఖర్చులు. తరువాత అప్పులు. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. చాలామంది దీనిని మరచిపోతారు. మహర్ బాకీ ఉంటే వితంతువు వారసత్వ వాటా కన్నా ముందే దానిని పొందే హక్కు కలిగి ఉంది. ఆ తరువాత మిగిలిన దానిలో మూడో వంతు మించకుండా వసీయత్. అటుపై మిగిలినదంతా వారసులకు.

ఒక ఉదాహరణ చూద్దాము. మృతునికి భార్య, తల్లి, ఇద్దరు కుమార్తెలు, ఒక సొంత సోదరుడు ఉన్నారు. తండ్రి, తాత లేరు, కుమారులు లేరు. అప్పులన్నీ తీరాక బీమా సొమ్ము 24 లక్షల రూపాయలు మిగిలింది. భార్యకు ఎనిమిదో వంతు 3 లక్షలు. తల్లికి ఆరో వంతు 4 లక్షలు. ఇద్దరు కుమార్తెలకు కలిపి మూడింట రెండు వంతులు 16 లక్షలు, అంటే చెరి 8 లక్షలు. మిగిలిన 1 లక్ష సోదరునికి. నామినీ భార్య అయినా, తల్లి అయినా, సోదరుడే అయినా ఈ లెక్క మారదు. సొమ్మంతా తన ఖాతాలో ఉంచుకున్న బాబాయి పిల్లలకు 16 లక్షలు బాకీ ఉన్నట్టే. అనాథల సొమ్ము తినేవారి గురించి అన్-నిసా సూరా 10వ ఆయతు ఎంత కఠినంగా హెచ్చరించిందో మనమెరుగుదుము. వారసత్వ వాటాలను నిర్ణయించే 11, 12 ఆయతులు ఆ హెచ్చరిక వెంటనే రావడం ఆలోచించదగ్గ విషయం.

వితంతువు మాటేమిటి?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఎదురవుతుంది. చిన్న పిల్లలతో మిగిలిన వితంతువుకు ఆ సొమ్ము తప్ప వేరే ఆధారం లేదు. అత్తగారిని చూసుకోవడానికి మరో ముగ్గురు కొడుకులున్నారు. అప్పుడు కూడా పంచవలసిందేనా?

పంచవలసిందే. అయితే పంచడంలోనే దయకు చోటుంది. తన వాటా ఎంతో తెలుసుకున్న తరువాత, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఆ తల్లి దానిని కోడలికో మనవరాళ్ళకో సంతోషంగా ఇచ్చివేయవచ్చు. అది గొప్ప పుణ్యకార్యం. కానీ ఆమెకు చెప్పకుండా దాచిపెట్టి, "అమ్మకెందుకు డబ్బు?" అని మనమే నిర్ణయించడం దయ కాదు, అన్యాయం. మైనరు పిల్లల వాటాను మాత్రం ఎవరూ, కన్నతల్లి సైతం, వదులుకోజాలరు. దానిని వేరే ఖాతాలో ఉంచి, వారి అవసరాలకే వినియోగించి, లెక్క రాసి పెట్టాలి.

భార్యకు భద్రత కల్పించాలని నిజంగా కోరుకునే భర్తకు జీవించి ఉండగానే మార్గాలున్నాయి. ముందుగా మహర్ చెల్లించాలి. ఇల్లో స్థలమో ఆమెకు ఇవ్వదలిస్తే ఇప్పుడే హిబా చేసి స్వాధీనపరచాలి. కొడుకు ముందే చనిపోయి, మనవలు వారసత్వానికి దూరమయ్యే పరిస్థితి ఉన్న తాతగారు వారి పేర మూడో వంతు లోపల వసీయత్ రాయాలి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 6వ సెక్షను కింద భార్యాబిడ్డల పేర తీసుకున్న పాలసీ వారి కోసం ట్రస్టుగా మారుతుంది. అప్పులవాళ్ళు కూడా దానిని తాకలేరు. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో 1913 తరువాత, తక్కిన ప్రాంతాలలో 1923 ఏప్రిల్ నుంచి తీసుకున్న పాలసీల విషయంలో ఇది ముస్లింలకూ వర్తిస్తుంది. ఏజెంట్లు దీనిని గొప్ప సదుపాయంగా చెబుతారు. కానీ తల్లిదండ్రుల హక్కు, అప్పు ఇచ్చినవారి హక్కు రెండూ ఇందులో ప్రశ్నార్థకమవుతాయి గనుక పండితులను సంప్రదించకుండా ఈ దారి పట్టవద్దని మా సలహా.

సొమ్ము ఇంటికి చేరాలంటే

పంచడానికి ముందు సొమ్ము రావాలి కదా. ఈ మధ్య వచ్చిన మార్పులలో కుటుంబాలకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. జీవిత బీమా పాలసీ మొదలైన లేదా పునరుద్ధరించిన తేదీ నుంచి మూడేళ్ళు గడిచాక, దరఖాస్తులో ఏదో దాచారన్న సాకుతో కంపెనీ పాలసీని ప్రశ్నించజాలదు. 2015లో సవరించిన 45వ సెక్షను ఈ రక్షణ ఇచ్చింది. ఆరోగ్య బీమాలో ఇటువంటి గడువు 2024లో ఎనిమిదేళ్ళ నుంచి ఐదేళ్ళకు తగ్గింది. అయితే మోసం రుజువైతే ఆరోగ్య బీమాలో ఆ రక్షణ దక్కదు. పాలసీ నచ్చకపోతే తిప్పి పంపడానికి ఇప్పుడు 30 రోజుల వ్యవధి ఉంది. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై అంతకుముందు ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తివేశారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణతో బీమా కంపెనీలలో విదేశీ పెట్టుబడి పరిమితి 74 నుంచి 100 శాతానికి పెరిగింది. ఇక కొత్త కంపెనీలు, కొత్త ప్రకటనలు, కొత్త ఏజెంట్లు మన తలుపు తట్టవచ్చు. తీయని మాటలు విని సంతకం పెట్టే ముందు కాగితం చదివించుకోవాలి.

కంపెనీ క్లెయిము తిరస్కరిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది సంతృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను అక్కడ పరిష్కరిస్తారు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాదులోనే ఉంది. దాని ఫిర్యాదుల నంబరు 155255. ఇవన్నీ కంపెనీతో వచ్చే వివాదాలకు. వారసుల మధ్య వివాదానికి మందు మన విశ్వాసంలోనే ఉంది.

ఈ నెలలోనే చేయవలసిన పని

మీ ఇంట్లోని పాలసీలు, బ్యాంకు పాసుపుస్తకాలు అన్నీ ఒకచోట పెట్టండి. నామినీగా ఎవరి పేరుందో చూడండి. పెళ్ళికి ముందు రాసిన పేరు, మరణించిన వారి పేరు ఇంకా అలాగే ఉంటే మార్పించండి. ఒకరికి బదులు భార్య, తల్లి, సంతానం అందరి పేర్లూ శాతాలతో రాయవచ్చు. బ్యాంకు ఖాతాలకూ 2025 నవంబరు నుంచి నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు కలిగింది. మైనరును నామినీగా రాస్తే, ఆ సొమ్ము అందుకొనే పెద్ద మనిషి పేరు కూడా తప్పక రాయాలి. ఆ మనిషి దైవభీతి గలవాడై ఉండాలి. అసలు వాటాలు నిర్ణయమయ్యేది మరణం నాడు మిగిలి ఉన్న వారసులను బట్టే. కనుక ఈ శాతాలు సౌకర్యం కోసమేనని అందరికీ చెప్పి ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాయండి. నామినీ ఈ సొమ్ముకు అమానతుదారు మాత్రమేననీ, అప్పులు, మహర్ చెల్లించాక షరీఅత్ వాటాల ప్రకారం పంచాలనీ రాసి, ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నారో పేర్కొని, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి పాలసీ బాండుతో పాటు ఉంచండి. ఇంట్లో వారందరికీ, కుమార్తెలకు సైతం, చదివి వినిపించండి. రేపు న్యాయస్థానాలు ఏ వైపు మొగ్గినా, పార్లమెంటు మరో సవరణ తెచ్చినా, ఆ కాగితం మీ కుటుంబాన్ని ఒక్కటిగా నిలుపుతుంది.

ఇక ఇప్పటికే నామినీగా సొమ్ము అందుకొని, పంచకుండా ఉంచుకున్న వారెవరైనా ఈ పుట చదువుతుంటే వారికి మా విన్నపం ఒక్కటే. చట్టం మీ పక్షాన ఉండవచ్చు, అడిగేవారు లేకపోవచ్చు. అయినా హక్కుదారు బతికి ఉండగానే తీర్చివేయండి. లోకంలో సొమ్ముతో తీరే బాకీ పరలోకంలో పుణ్యాలతో తీర్చవలసి వస్తుంది. హక్కులను హక్కుదారులకు చేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.